నల్లరాయి మీద నీళ్లు

నా భార్యని పెద్దాయన స్మారకం చంపింది. డాక్టరు కాగితం మీద ఆ మాట రాయలేదు. ఊపిరితిత్తుల్లో రాతిపొడి పేరుకుపోయిందని రాసి సంతకం పెట్టాడు. ఆ పొడి ఏ రాతిదో ఆయనకి అక్కర్లేదు. నాకు తెలుసు.

స్మారకం మధ్యలో నల్లరాయి ఉంది. పన్నెండడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, నడుమెత్తు. దాని కింద పెద్దాయన ఉన్నాడు. దేశాన్ని పదిహేనేళ్లు ఏలాడు. మంచివాడో చెడ్డవాడో నేను చెప్పలేను. పేపర్లో తప్ప ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. ఆయన పోయిన ఏడాదికల్లా స్మారకం తెరవాలన్నారు. రాయి ఆలస్యంగా వచ్చింది. చుట్టూ డేరా కట్టి, నలభై ఒక్క రోజులు దాన్ని పొడిగా అరగదీశారు. డేరాలో నలుగురు పనిచేశారు. ముగ్గురు పోయారు. వాళ్లలో నా భార్య ఒకతి. నాలుగోవాడు కూర్చునే నిద్రపోతాడు. పడుకుంటే ఊపిరాడదు.

నేను ఆ పనికి మేస్త్రిని. మేస్త్రి డేరా బయట ఉంటాడు.

రాతి పాలిష్ తెలియనివాళ్లకి రెండు ముక్కలు చెబుతాను. రాయిని ఏడు చుట్లు అరగదీస్తాం. మొదటి చుట్టుకి గరుకు బిళ్ల, చివరి చుట్టుకి సబ్బులాంటి నున్నటి బిళ్ల. ఏ చుట్టులోనైనా మిషను కింద నీళ్లు పారుతూ ఉండాలి. నీళ్లుంటే పొడి బురదై కిందికి జారిపోతుంది. లేకపోతే లేచి మనిషిలోకి పోతుంది. అంతే సంగతి. నేను ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. నాకే అర్థమయింది. పెద్ద చదువులు చదివిన ఇంజనీర్లకి అర్థం కాకపోవడమేమిటి?

స్మారకం తెరిచాక పదేళ్లు నేను అటు అడుగుపెట్టలేదు. మా వీధినుంచి ఊళ్లోకి వెళ్లే బస్సు దాని గేటు ముందునుంచే పోతుంది. నేను రెండు స్టాపులు ముందే దిగి నడిచేవాణ్ణి. ఒక కండక్టరు నన్ను కనిపెట్టాడు. ఆ స్టాపు రాగానే, "దిగు తాతా, నీ పెద్దాయన వచ్చేస్తున్నాడు!" అని బస్సంతా వినబడేలా అరిచేవాడు. జనం నవ్వేవాళ్లు. నేను దిగేవాణ్ణి.

అలాంటివాణ్ణి ఈ మధ్య ఒక సోమవారం ఆ గేటు లోపలికి వెళ్లాను. దానికి కారణం నా కూతురి చెవి.

నాకు ఒక్కతే కూతురు. తల్లి పని నేర్చుకుంది. అల్లుడూ పాలిష్ మేస్త్రే. నా దగ్గర చేరి, పని నేర్చుకుని, చివరికి నా కూతుర్నే చేసుకున్నాడు. చెడ్డవాడు కాదు. నోట్లో వేలు పెట్టినా కొరకలేడు, అదే వాడి రోగం. వాళ్లు ఊరికి ఆ చివర ఉంటారు. నేను టైల్స్ కొట్టు వెనక రెండు గదుల్లో ఉంటాను. ప్రతి ఆదివారం కూతురు వస్తుంది. బట్టలు ఉతుకుతుంది, గదులు ఊడుస్తుంది, వెళ్లేలోపు నన్ను నాలుగు తిడుతుంది.

ఆ ఆదివారం దొడ్లో కుళాయి దగ్గర కూర్చుని నా చొక్కాలు ఉతుకుతోంది. జుట్టు పైకి ముడేసుకుంది. నేను గుమ్మంలో కూర్చుని ఉన్నాను. చెవి వెనక మడతలో బూడిదరంగు గీత కనబడింది.

తడి పని చేసేవాళ్లకి గోళ్లలో బురద ఉంటుంది. బట్టల అంచులు గట్టిపడతాయి. చెవి వెనక పొడి చేరదు. డేరా రోజుల్లో నా భార్య ఎంత ఒళ్లు రుద్దుకున్నా ఆ మడతలో ఆ రంగు ఉండిపోయేది. తడిగుడ్డ చిటికెనవేలికి చుట్టి నేనే తుడిచేవాణ్ణి.

"ఎక్కడ పని ఇప్పుడు?" అని అడిగాను.

"ఏదో ఆఫీసు మెట్లు నాన్నా."

"తడిగానేనా?"

"తడిగానే. ఇంక నువ్వు మొదలుపెట్టకు."

"మెట్ల పని చేస్తే చెవి వెనక పొడెందుకుంది?"

చెయ్యి చటుక్కున చెవి మీదికి పోయింది. సబ్బు నురగ అంటుకుంది. తర్వాత చొక్కా పిండసాగింది. అందులో నీళ్లెప్పుడో అయిపోయాయి, ఇంకా పిండుతూనే ఉంది.

"ఏ రాయి?" అన్నాను.

"నల్లరాయి."

"ఎక్కడి నల్లరాయి?"

"ఎక్కడిదో నీకు తెలుసులే నాన్నా. అడిగి నా నోటితో చెప్పించాలా?"

అప్పుడు మొత్తం చెప్పింది. స్మారకం తెరిచిన పదో ఏటి సభకి ఇంకా తొమ్మిది రోజులుంది. జనం చేతులు వేసీ వేసీ నల్లరాయి మెరుపు పోయింది. ఆఖరి మూడు చుట్లు మళ్లీ పట్టించాలి. ఆ పని అల్లుడికి దొరికింది. చుట్టూ తెల్లరాయి నేల. నల్ల బురద పడితే తెల్లరాయి పీల్చేసుకుంటుంది, మరక పోదు. అందుకని నీళ్లు వాడొద్దన్నారు.

"ఎన్నాళ్లయింది?"

"రెండు రోజులు."

"రేపు వెళ్లకు."

"వెళ్తాను. మాస్కులు కొన్నారు నాన్నా, మంచివి. అమ్మ కట్టుకున్న గుడ్డపేలికలు కావు."

"మీ అమ్మ కూడా అవి మంచివనే అనుకుంది."

చొక్కా బకెట్లో పడేసి లేచి నిలబడింది. "ఆయనకి ఇలాంటి పని మళ్లీ రాదు. స్మారకం పని చేశాడంటే ఎక్కడికెళ్లినా పిలిచి కూర్చోబెడతారు. నీకు పేరెలా వచ్చింది? 'పెద్దాయన రాయి మేస్త్రి' అనే కదా? నువ్వు తెచ్చుకున్న పేరు మేం తెచ్చుకోకూడదా?"

నా దగ్గర జవాబుంది. చెప్పలేదు.

సోమవారం ఉదయం బస్సులో వెళ్లాను. నేను నా స్టాపులో దిగకపోయేసరికి కండక్టరు నోరు తెరిచి మళ్లీ మూసేశాడు.

గేటు దగ్గర వరస. ముందు ఒక బడి పిల్లలు, వెనక కొత్తగా పెళ్లయిన జంట. కాపలావాడు అందరి సంచులూ తీయిస్తున్నాడు.

"సంచిలో ఏముంది తాతా?"

"సంచే లేదు."

"చేతుల్లో?"

చూపించాను. అరచెయ్యి వేలితో తట్టి నవ్వాడు. "వీటికి లైసెన్సు ఉందా? తలుపు కొడితే పగిలేట్టున్నాయి. పో, పో."

లోపల హాలు నేను వదిలిపెట్టినట్టే ఉంది. పైన గాజు కప్పు. దానిలోంచి పడే వెలుగు తెల్లనేల మీద పడి కళ్లు పొడుస్తుంది. గోడ పక్కన పూలు తెచ్చేవాళ్ల కోసం నీళ్ల బకెట్లు, వాటిలో కాడలతో పూలు. రాయి చుట్టూ తాడు. రాయిలో సగం బయట ఉంది, రెండో సగాన్ని నీలం టార్పాలిన్ డేరా కప్పేసింది. డేరా మీద బోర్డు: సుందరీకరణ పనులు జరుగుచున్నవి, అసౌకర్యమునకు చింతిస్తున్నాము. లోపల మిషను అరుస్తోంది. టార్పాలిన్ కుట్లలోంచి సన్నగా పొగలాంటిది లేస్తోంది. అది పొగ కాదని ఆ హాలులో నాకూ, డేరాలో ఉన్నవాళ్లకీ తెలుసు.

మిషను చప్పుడు మీద గొంతు పెంచి ఒక గైడు బడి పిల్లలకి చెబుతోంది. "దగ్గరికి వచ్చి చూడండి. రాయిలో మీ ముఖం కనబడుతుంది. ఎందుకో తెలుసా? ప్రజలే నాయకులు అని పెద్దాయన నమ్మకం. తన సమాధిలో ప్రజల ముఖాలే కనబడాలని ఆయన కోరిక."

ఏ రాయైనా ఏడో చుట్టు అయ్యాక ముఖం చూపిస్తుంది. మరుగుదొడ్డి మెట్టుకైనా ఏడు చుట్లు పట్టిస్తే చూపిస్తుంది.  ఒక పిల్ల వంగి చూసి, "నాకేం కనబడటం లేదు టీచర్," అంది.

"అందుకే మళ్లీ పాలిష్ చేస్తున్నారమ్మా."

అల్లుడు డేరా పక్కన నిలబడి ఉన్నాడు. మేస్త్రి డేరా బయట ఉంటాడు. నన్ను చూసి కట్టెలా బిగుసుకుపోయాడు.

"మామయ్యా! మీరిక్కడికా?"

"అమ్మాయిని బయటికి పిలువు."

"ఇంకో గంటలో టీకి వస్తుంది."

"ఇప్పుడు పిలువు."

నా మోచెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకెళ్లాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "గొడవ చెయ్యకండి మామయ్యా. మీకు దణ్ణం పెడతాను. ఇంజనీరు పైనే ఉన్నాడు."

"గట్టు కట్టి తడిగా చెయ్యి. బంకమట్టి గట్టు, దాని కింద ప్లాస్టిక్ కాగితం. బురద గట్టులోనే నిలుస్తుంది. ఎత్తిపోసుకోవచ్చు. ఇది నీకు నేర్పాను."

"కట్టడానికి రెండు రోజులు, ఆరడానికి రెండు రోజులు. అడిగాను మామయ్యా, నా బిడ్డ మీద ఒట్టు. ఇంజనీరు ఏమన్నాడో తెలుసా? 'ముందు చేసినవాళ్లు ఇదే రాయిని పొడిగా చేశారు కదయ్యా, వాళ్లకి రాని కష్టం నీకేమొచ్చింది?' అన్నాడు. ఏం చెప్పమంటారు?"

"ముందు చేసినవాళ్లు చచ్చిపోయారని చెప్పు."

"చెప్పలేదనుకున్నారా? 'వాళ్ల మేస్త్రి ఏమీ అనలేదే, రికార్డులో ఏమీ లేదే,' అన్నాడు." అల్లుడు నా ముఖం చూడకుండా నేల చూస్తూ మాట్లాడాడు. "ఆ రోజు డేరా తాళ్లు కట్టింది నేనే మామయ్యా, మర్చిపోయారా? రాయిని పొడిగా పట్టించడం నేను నేర్చుకున్నదే మీ దగ్గర. ఈ రాయికే."

నోట్లో వేలు పెట్టినా కొరకలేడని చెప్పాను. ఆ రోజు కొరికాడు. తప్పు పట్టను.

ఇక్కడ ఆగి ఒక విషయం చెప్పాలి. పదేళ్లు ఎవరికీ చెప్పలేదు. నా భార్యని స్మారకం చంపిందని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతూ వచ్చాను. మిగిలింది చెప్పలేదు.

రాయి వచ్చిన రోజు ఇంజనీరు నన్ను పిలిచాడు. నీళ్లు వాడితే తెల్లనేల పాడవుతుందన్నాడు. గట్టు కట్టుకుంటామన్నాను. అంత టైము లేదన్నాడు. "పొడిగా చేస్తావా, వేరే మేస్త్రిని పిలవమంటావా?" అన్నాడు. మరో మాట కూడా అన్నాడు. తెరిచే రోజు పని చేసినవాళ్ల మేస్త్రులని వరసలో నిలబెడతారు, కొత్తగా గద్దెనెక్కిన ఆయన వచ్చి ఒక్కొక్కరితో చెయ్యి కలుపుతాడు అని.

కుళాయి కట్టేసింది నేనే. పైపు పీకి, చుట్టలు చుట్టి, భుజాన వేసుకుని తీసుకెళ్లి సామాన్ల గదిలో మేకుకి తగిలించింది నేనే. నాకెవరూ తుపాకీ గురిపెట్టలేదు.

ఆరో రోజున నా భార్య డేరాలోంచి బయటికి వచ్చింది. కనురెప్పల మీద, పెదవుల మీద, మెడ మడతల్లో పొడి. గుడ్డ ముడి విప్పి ఉమ్మేస్తే అది కూడా బూడిదరంగే.

"ఏవయ్యా, నావల్ల కావడం లేదు. నీళ్లు పెట్టించు," అంది.

"తెల్లరాయి పాడవుతుంది."

"పాడైతే ఇంకో రాయి తెచ్చుకుంటారు. రాళ్లకి కరువా?"

"ఇంకొక్క నెల ఓర్చుకో. కొత్తాయన వచ్చి నాతో చెయ్యి కలుపుతాడట."

నన్ను ఎగాదిగా చూసి పకపకా నవ్వింది. నవ్వు దగ్గులోకి పోయింది. దగ్గు తగ్గాక అంది: "అలాగైతే ఆ చేత్తో ఇక అన్నం తినకు. గుడ్డలో చుట్టి దాచుకో."

మళ్లీ గుడ్డ కట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఇంకో ముప్పై అయిదు రోజులు.

తెరిచిన రోజు వరసలో నిలబడ్డాను. కొత్త చొక్కా వేసుకున్నాను. కొత్తాయన చెయ్యి కలుపుకుంటూ వచ్చాడు. నా పక్కన వడ్రంగి మేస్త్రి దాకా వచ్చాడు. వెనకనుంచి ఎవరో ఏదో చెవిలో చెప్పారు. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. నా భార్య తాడు అవతల జనంలో నిలబడి అంతా చూసింది. ఇంటికొచ్చాక ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నాలుగేళ్లు దగ్గింది. ఒక్కసారైనా ఆ చెయ్యి సంగతి ఎత్తలేదు.

అదీ విషయం. ఇప్పుడు మళ్లీ హాలుకి వస్తాను.

మిషను ఆగింది. టార్పాలిన్ రెండు తెరలు కలిసేచోట జానెడు సందు ఉంది. అందులోంచి ఒక చెయ్యి కనబడింది. మా పనిలో రాయి నున్నదనం చూడటానికి అరచెయ్యి పనికిరాదు, అది మొద్దుబారి ఉంటుంది. మణికట్టు లోపలి వైపు చర్మంతో చూస్తాం. కళ్లు మూసుకుని, మణికట్టుని రాయి మీద మెల్లగా జరుపుతాం. ఎక్కడ గరుకుంటే అక్కడ చర్మమే చెబుతుంది. మా జట్టుకి అది నేర్పింది నా భార్య. నా కూతురు మణికట్టు ఆ సందులో రాయి మీద అటునుంచి ఇటు జరిగింది. అచ్చం వాళ్లమ్మ చెయ్యి. పొడి పట్టి బూడిదరంగులో ఉంది. ఒకచోట ఆగింది. వెనక్కి పోయింది. మిషను మళ్లీ అందుకుంది.

నేను గోడ దగ్గరికి వెళ్లి ఒక బకెట్లోంచి పూలు తీసి నేల మీద పెట్టాను. రెండో బకెట్లోంచి కూడా తీశాను. కొత్తజంట నన్ను చూసి, పూలు సర్దేవాణ్ణి అనుకుని పక్కకి జరిగారు.

అల్లుడికి అర్థమైంది. "మామయ్యా, వద్దు! మామయ్యా, మీ కాళ్లు పట్టుకుంటాను," అన్నాడు. నిజంగానే వంగాడు. కాళ్లు దాటుకుని వెళ్లాను.

ముందు ప్లగ్గు పీకాను. నలభై ఏళ్ల పని ఇది. నీళ్లకీ కరెంటుకీ ఉన్న వైరం నాకెవరూ చెప్పక్కర్లేదు. మిషను చచ్చిపోయింది. అప్పుడు తెర తప్పించి లోపలికి వెళ్లాను.

లోపల ముగ్గురు. ముగ్గురిలో నా కూతురు ఎవరో ఒక్క క్షణం తెలియలేదు. అందరూ ఒకే రంగులో ఉన్నారు.

"నాన్నా?" అంది అందులో ఒకతి, మాస్కు లోపల్నుంచి.

మొదటి బకెట్ రాయి మీద పోశాను. రెండో బకెట్ దాని వెంటే పోశాను. రెండు రోజుల పొడి ఒక్కసారిగా నల్ల బురదై నాలుగు పక్కలా జారింది. టార్పాలిన్ కిందనుంచి బయటికి పారింది. బయట పిల్లలు కేకలు పెట్టారు. ఎవరో స్త్రీ, "అయ్యో నా చెప్పులు!" అని అరిచింది. గైడు మాట మధ్యలో ఆగిపోయింది. తెల్లరాయి దాహమేసినట్టు తాగేసింది. పాలిష్ పని చేసేవాడు అలాంటి నేల మీద అలాంటి నీళ్లు పొయ్యడం ఎన్నడూ జరగదు. తన చేత్తో తన అన్నంలో మన్ను పోసుకోవడమే. అల్లుడు చొక్కా విప్పి, మోకాళ్ల మీద కూర్చుని తుడుస్తున్నాడు. తుడిచేకొద్దీ పెద్దదవుతోంది. అది వాడికీ తెలుసు.

కాపలావాళ్లు వచ్చి నన్ను పట్టుకున్నారు. నా చేతులకి లైసెన్సు అడిగినవాడే ఆ చేతులు వెనక్కి విరిచాడు. "ముసలాడివని వదిలితే ఎంత పని చేశావురా తాతా," అన్నాడు. అంటున్నప్పుడు వాడి గొంతులో కోపం కంటే భయమే ఎక్కువుంది. లోపలికి వదిలింది వాడే కదా.

చిన్న గదిలో కూర్చోబెట్టారు. బల్ల, రెండు కుర్చీలు, గోడ మీద పెద్దాయన ఫొటో. ఒక అధికారి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఏ పార్టీ?"

"ఏ పార్టీ కాదు."

"ఎవరు పంపారు?"

"నా కాళ్లే తీసుకొచ్చాయి."

"పెద్దాయన మీద కోపమెందుకు నీకు?"

"ఆయన మీద కోపమెందుకుంటుంది? ఆయన ఏ పొద్దూ నీళ్లు కట్టెయ్యమనలేదు."

"మరి ఎవరన్నారు?"

నా రెండు చేతులూ బల్ల మీద పెట్టాను. పిచ్చివాడినని రాసుకున్నాడు. క్షమాపణ రాసిమ్మన్నాడు. రాయనన్నాను. మూడు రోజులు స్టేషన్లో ఉంచారు. నాలుగో రోజు అల్లుడు నా పేరుతో క్షమాపణ రాసి, నా బదులు వాడే వేలిముద్ర వేశాడు. నాకు సంతకం పెట్టడం వచ్చు. పట్టించుకునే ఓపిక వాళ్లెవరికీ లేదు.

స్మారకం పని ఆగిపోయింది. అల్లుడి జట్టుని ఆ గేటులోకి మళ్లీ రానివ్వరు. ఆ గేటులోకే కాదు, పెద్ద పని ఎక్కడున్నా వాడి పేరు చెబితే ముఖం చాటేస్తున్నారు. పదో ఏటి సభ అనుకున్న రోజునే జరిగింది. మరక మీద తివాచీ పరిచారు. మెరుపు పోయిన రాయిని పూలతో కప్పేశారు. అన్నేసి పూలున్నప్పుడు పాలిష్ ఎందుకో? ఆ ముక్క వాళ్లకి మొదటే తోచి ఉంటే ఇంత జరిగేది కాదు.

స్టేషన్ నుంచి వచ్చిన మర్నాడు మధ్యాహ్నం కూతురు వచ్చింది. ఆదివారం కాదు. బట్టలు ఉతకడానికి రాలేదు. గుమ్మంలోనే నిలబడింది. తల స్నానం చేసి వచ్చింది, జుట్టు ఇంకా తడిగా ఉంది. నేను ముందు చెవి వైపే చూశాను. శుభ్రంగా ఉంది.

"లోపలికి రా," అన్నాను.

"రాను. ఒకటి అడిగి పోతాను." గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "నిన్న రాత్రి ఆయన నాకు అంతా చెప్పారు. పైపు సంగతి. అమ్మ బయటికొచ్చి అడిగిన సంగతి. ఆయన పక్కనే తాళ్లు కడుతూ విన్నారట. ఇన్నాళ్లూ నాకు చెప్పలేదు, నీ మీద గౌరవంతో. నిజమేనా?"

"నిజమే."

"సరే. నీళ్లు పొయ్యడం నీకు తెలుసు. సామాన్ల గదిలో పైపు అప్పుడూ మేకుకే ఉంది. నాకోసం పోశావు. మమ్మల్ని రోడ్డున పడేసి మరీ పోశావు." అక్కడ ఆగి ఊపిరి తీసుకుంది. "అమ్మ అడిగినప్పుడు ఎందుకు పొయ్యలేదు?"

నేను జవాబు చెప్పాను. ఉన్నదున్నట్టు చెప్పాను. నా చెయ్యి ఒక పెద్దమనిషి చేతిలో పడుతుందన్న ఆశ తప్ప వేరే ఏదీ అడ్డం లేదని చెప్పాను. దానికి వాళ్లమ్మ ఎలా నవ్విందో కూడా చెప్పాను. ఆ మాట విన్నాక వెళ్లిపోవడానికి తిరిగింది. పట్టుకుందామని లేచాను. చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"ఆ చేత్తో నన్ను ముట్టుకోకు," అంది.

కూర్చున్నాను.

"ఛాతీ ఫొటో తీయించుకో. అదొక్కటే అడుగుతున్నాను," అన్నాను.

వెళ్లిపోయింది. మొదటి గదిలో ఆరేసి ఉన్న చొక్కాలు కూడా తియ్యలేదు. అవి ఆదివారం ఆమె సగం ఉతికినవే. తర్వాత ఎవరూ జాడించకపోయేసరికి సబ్బు మరకలతో ఎండిపోయాయి.

ఆ తర్వాత ఏ ఆదివారమూ రాలేదు. అల్లుడు ఇళ్లలో వంటగది గట్లు పాలిష్ చేస్తున్నాడని టైల్స్ కొట్టువాడు చెప్పాడు. తడిగానే చేస్తున్నాడట. నెల తర్వాత ఒక సాయంత్రం నేను బయటనుంచి వచ్చేసరికి తలుపు గొళ్లానికి పెద్ద కవరు వేలాడుతోంది. లోపల ఛాతీ ఎక్స్‌రే, నల్ల ఫిల్ము. కాగితం ముక్క లేదు, మాట లేదు. కిటికీకి పట్టి చూశాను. నా భార్య ఫిల్ము ఆమె పోయేదాకా నెలకోసారి చూసినవాణ్ణి. దానిలో రెండు పక్కలా తెల్లటి చుక్కలు, ఇసుక చల్లినట్టు. దీనిలో లేవు. ఆ పొడి కనబడటానికి ఏళ్లు పడుతుంది, అదీ తెలుసు. మూడు రోజులే అని నాకు నేను చెప్పుకుంటున్నాను. ఫిల్ముని మళ్లీ కవర్లో పెట్టి, మంచం కింద, ఆ పాత ఫిల్ముల పక్కన కాకుండా వేరే చోట పెట్టాను.

మళ్లీ ఫిల్ము తీయించుకోమని చెప్పడానికి వాళ్లింటికి వెళ్లాను. తలుపు తియ్యలేదు. లోపల ఉన్నారు. మనవరాలి గొంతు వినబడింది. అరుగు మీద కాసేపు కూర్చుని వచ్చేశాను.

వీధిలో అడుగుతున్నారు. బస్సులో అడుగుతున్నారు. కండక్టరు ఇప్పుడు వెక్కిరించడు, పక్కన సీటు చూపించి, "అసలేమైంది తాతా?" అంటాడు. పేపరు మనిషి ఒకడు వచ్చి, నా భార్య కథ రాస్తానన్నాడు, డేరాలో పనిచేసి పోయిన ముగ్గురి పేర్లూ బయటికి రావాలన్నాడు. మంచి మాటే. నేను అతనికి కుర్చీ వేసి, ఇది మొత్తం రాసి చూపించాను. కుళాయి కట్టేసింది ఎవరో కూడా రాశాను. ఆ ముక్క తీసేసి మిగిలింది వేసుకుంటానన్నాడు. తీసేస్తే ఇవ్వనన్నాను.

చెప్పాల్సింది ఒక్కసారి చెప్పాను, చెప్పాల్సిన మనిషికి. ఇక ఎవరూ అడగొద్దు. అడిగినా నోరు విప్పను.